దబ్బపండు పథ్యం

“ఆచార్యులవారూ, దబ్బపండులో ఉన్న మందు ఏ భాగంలో ఉంటుందండీ? రసంలోనా, తొక్కలోనా, గింజలోనా? అదేదో తెలిస్తే ఆ ఒక్కటీ తీసి సీసాలో దాచుకోవచ్చు కదా!”

గోదావరి సముద్రంలో కలిసే చోట, ఓడల రేవు పక్కన వైద్యం చేసే కొండయాచార్యులుగారిని శిష్యుడు లింగమూర్తి ఒక ఉదయం ఇలా అడిగాడు. ఆచార్యులవారికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా జవాబు చెప్పరు, అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఆ భయంతో చాలామంది అడగడమే మానుకున్నారు. లింగమూర్తి మానలేదు. కషాయాలూ లేహ్యాలూ కాచడంలో తనకు సాటి లేరని అతని నమ్మకం. అందులో కొంత నిజం కూడా ఉంది.

అంతలో వాకిట్లో బండి ఆగింది. ఓడ సరంగు నూకయ్యను అతని భార్య మంగ, బండివాడూ కలిసి మోసుకొచ్చి పెరటి వసారాలో పడుకోబెట్టారు. బర్మా నుంచి వస్తున్న ఓడ గాలి లేక నడిసముద్రంలో చాలాకాలం నిలిచిపోయిందట. బియ్యం, ఎండుచేపలు తప్ప పచ్చిదన్నదేదీ నోట పడలేదట. చిగుళ్లు వాచి నెత్తురు కారుతున్నాయి. ఎప్పుడో చిన్నప్పుడు మానిన కాలి గాయం మళ్లీ పచ్చిపుండైంది.

“మా ఆయన్ని బతికించండి బాబూ. పిల్లలింకా చిన్నోళ్లండి,” అంది మంగ.

ఆచార్యులవారు నూకయ్య నోరు తెరిపించి చూశారు. “ఇతనికి దబ్బపండు పెట్టు,” అని శిష్యుడితో చెప్పి, పొరుగూళ్లో ఎవరికో విషజ్వరమని అంతకుముందే కబురు రావడంతో, అదే బండి ఎక్కి వెళ్లిపోయారు.

లింగమూర్తికి ఆ మాట మింగుడుపడలేదు. పెరట్లో కాసిన పండు కోసి చేతికిస్తే దాన్ని వైద్యమంటారా? పెట్టమంటే మందుగా తయారుచేసి పెట్టమని అర్థం చేసుకోవాలి గాని, మరీ పండులా పెట్టేస్తారా అనుకున్నాడు. పండ్లు కోశాడు. తొక్కనూ, దాని లోపల దూదిలా మందంగా ఉండే తెల్లటి పొరనూ చేదని ఒలిచి పెరటి గోడవార పారేశాడు. రసం వడకట్టి ఎనిమిదో పాలు మిగిలేదాకా కాచి, బెల్లప్పాకం పోసి లేహ్యం దించాడు. నల్లగా నిగనిగలాడుతూ చూడముచ్చటగా కుదిరింది. లేహ్యం వాడేవాడు పులుపు ముట్టకూడదు కనుక పథ్యం కూడా కట్టుదిట్టంగా పెట్టాడు. చింతపండు లేదు, పెరుగు లేదు, ఉత్త పెసరకట్టూ మెత్తటి అన్నమూ. పులుపు తినిపించమని అప్పగించిన మనిషికి పులుపే వద్దంటున్నానన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

నూకయ్య రోజురోజుకీ కుంగిపోయాడు. మంగ పొద్దున్నే వచ్చి లింగమూర్తి ముఖంలోకి చూసేది, అంతే. ఆ చూపు తగిలాక అతనికి అన్నం సయించేది కాదు. ఈ మనిషి తన చేతిలో పోతాడేమోనన్న భయంతో మళ్లీ పండ్లు కోసి, మళ్లీ కాచి, లేహ్యం మోతాదు పెంచాడు.

ఏమైందో ఏమో, నెత్తురు ఆగింది. చిగుళ్లు గట్టిపడ్డాయి. పుండు మానుముఖం పట్టింది. ఒకనాడు నూకయ్య తనంతట తానే గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. మంగ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. లింగమూర్తికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. దిగిన మరుక్షణమే ఛాతీ పొంగింది కూడా. మోతాదు పెంచడమే గుణమిచ్చిందని తేల్చుకుని, లేహ్యానికి తన పేరు పెట్టాలా, గురువుగారి పేరు పెట్టాలా అని తర్జనభర్జన పడుతుండగా ఆచార్యులవారు తిరిగివచ్చారు.

శిష్యుడు చేసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆచార్యులవారు లేహ్యం వేలితో తీసి నాలిక మీద వేసుకుని, “తియ్యగా ఉంది,” అన్నారు. “దీనితోనే లేచాడంటావు?”

ఆ మాట వినగానే నూకయ్య గోడ వదిలేసి వచ్చి ఆయన కాళ్లమీద పడ్డాడు.

“తప్పైపోయిందండి బాబూ! పథ్యం తప్పేనండి. పులుపు కోసం నాలిక పీకేసిందండి. ఈ బాబుగారు పారేసిన దబ్బతొక్కలు, ఎవరూ లేనప్పుడు డేక్కుంటా ఎల్లి తినేసేవోణ్ణండి. తెల్లతోలూ, దానికంటుకున్న తొనముక్కలూ అన్నీ నవిలేసేనండి. ఇంకెప్పుడూ తప్పనండి, ఒట్టండి!”

లింగమూర్తి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఈ మనిషి బుద్ధిమంతుడై తన మాట విని ఉంటే? అక్కడి నుంచి ముందుకు ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. బతికాడు, ఎలాగోలా బతికాడు, అదే చాలు అనుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గు ఆ తర్వాతే వచ్చింది.

ఆచార్యులవారు పెరట్లోంచి ఒక పండు తెంపి, కడిగి, ఒలవకుండానే చక్రాలుగా కోశారు. ఒకటి నూకయ్యకు ఇచ్చారు. ఒకటి శిష్యుడి చేతిలో పెట్టారు. లింగమూర్తి నోట్లో వేసుకున్నాడు. పులుపూ చేదూ ఘాటైన వాసనా అన్నీ ఒక్కసారే తగిలాయి. ఏది ఏదో విడదీయడం అతని వల్ల కాలేదు. ముఖం చిట్లించుకుంటూనే, ఉమ్మకుండా నమిలాడు.

నూకయ్య ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. “నాకు మళ్లీ పథ్యం పెడతారాండి బాబూ?” అని బెదురుగా అడిగాడు.

ఆచార్యులవారు నములుతున్న శిష్యుడి వైపు ఓసారి చూసి, “నువ్వు ఇంటికెళ్లు నాయనా,” అన్నారు. “పథ్యం ఉండవలసినాయన ఇప్పుడే మొదలుపెట్టాడు.”