ఏటి నడుమ దించిన పల్లకీ

దివాను మార్తాండరావుకు జీతం బోలెడు, అప్పు అంతకు రెట్టింపు. ఇంట్లో తలకొక పల్లకీ మరి! మోసే బోయీలకు మాత్రం ఎప్పుడూ సగం కూలే. అడిగితే, “పెద్దింటికి బాకీలే పరువురా!” అనేవాడు.

బోయీ గురవయ్య ఇంట పొయ్యి వెలగలేదు. “నా బుర్ర బరువులకే పుట్టింది, తెలివికి కాదు” అని తన్ను తానే తిట్టుకుంటూ, కొలువుకెళ్తున్న దివానును తోటి బోయీలతో కలిసి ఏటి నడుమ దించేశాడు.

“ఒరేయ్! పట్టుపంచె తడుస్తోందిరా!”

“సగం కూలికి సగం దారి వచ్చేశాం దొరా. మిగతా దారి మా బాకీ. మాకూ పరువు కావద్దా?”

దివాను మిగతా ఏరంతా తడుస్తూ నడిచాడు. ఆపైన సగం కూలికి పల్లకీ ఎత్తే భుజమే దొరకలేదు. విధిలేక పల్లకీలన్నీ అమ్మి, అందరి అప్పులూ తీర్చాడు.

గురవయ్యకు బాకీ ముట్టింది, పని పోయింది.

“చెప్పానా, నా బుర్ర సంగతి!” అంటూ బియ్యం మూట భుజానికెత్తుకున్నాడు.