క్రేన్ ఎత్తుకుపోయిన ఆటో

అనకాపల్లిలో గవరయ్య, అప్పలకొండ అని ఇద్దరన్నదమ్ములు. తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని వాళ్ళ నమ్మకం.

"దేవుడు తెలివి పంచిన రోజు నేను రెండుసార్లు లైన్లో నిలబడ్డానురా" అనేవాడు అన్న.

"తెలుసన్నియ్యా, రెండుసార్లూ నీ వెనకాల నేనే" అనేవాడు తమ్ముడు.

ఇద్దరికీ కలిపి ఒక్కటే ఆటో. అది తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒకరోజు బెల్లం మార్కెట్ పక్కన ఆటో ఆపి టీ తాగుతున్నారు. అక్కడ బండ్లు ఆపకూడదని బోర్డు కూడా లేదు. ఇంతలో డిల్లేశు అనేవాడు క్రేన్ వేసుకొచ్చాడు. కనబడ్డ బండినల్లా ఎత్తుకుపోయి, జనం దగ్గర డబ్బులు గుంజడమే వాడి పని.

"దీని యజమాని ఎవడ్రా?" అన్నాడు.

వాళ్ళింటికి యజమాని అమ్మ పైడమ్మ. అంతే, ఆమెని తీసుకురావడానికి ఇద్దరూ పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి ఇంకేముంది, ఆటో లేదు! పైడమ్మ గొల్లుమంది.

ముగ్గురూ స్టేషనుకి పోయారు. ఎస్సై మేడం అంతా విని మండిపడింది.

"బోర్డు లేనిచోట బండి ఎత్తడానికి వాడెవడు? పైగా మీరు అటు వెళ్ళగానేనా! మీరు పదండి, వెనకాలే నేనొస్తాను. ఈలోగా బండిలో ఉన్న మీ వస్తువులన్నీ తీసేసుకోండి. వాడు ఆపకూడదు."

అంతే! డిల్లేశు షెడ్డుకి పోయి సీటు తీశారు. అద్దాలు తీశారు. హారను, చక్రాలు, చివరికి ఇంజను!

"ఒరే, అది బండేరా!" అని డిల్లేశు లబలబలాడాడు.

"బండిలోదే కదా! మేడం అన్నీ అంది" అన్నారు అన్నదమ్ములు.

మేడం వచ్చేసరికి ఒట్టి డొల్ల మిగిలింది. పక్కనే పైడమ్మ, ఇంజను ఒళ్ళో పెట్టుకుని.

"ఒక్క బోల్టు కూడా వదల్లేదమ్మా!"

మేడం తల పట్టుకుంది. తర్వాత డిల్లేశు వైపు తిరిగి, "పైసా అడక్కుండా అన్నీ నువ్వే బిగించి ఇయ్యి. లేదంటే కేసు" అంది. వాడు చెమటలు కక్కుతూ బిగించాడు.

"ఇంక ఎవడైనా ఈ ఆటో మీద చెయ్యి వేస్తే ఊరుకోను. వెంటనే నాకు చెప్పండి" అని మేడం జీపెక్కింది.

గవరయ్య సంబరంగా హ్యాండిల్ పట్టుకున్నాడు. అప్పలకొండ జీపు వెనక పరుగో పరుగు.

"మేడం! అప్పుడే ఒకడు చెయ్యి వేసేశాడు! మా అన్నే!"

గవరయ్య చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఇప్పుడు ఆటో ఇంటికెలా?

"మేడం 'ఎవడైనా' అంది గానీ 'ఎవతైనా' అన్లేదు కదరా" అంది పైడమ్మ. అంతే, ఆటో ముందు తాడు కట్టి, రెండో కొస కొడుకుల నడుములకి బిగించి, తను వెనక సీట్లో కూర్చుంది.

చేతులు రెండూ పైకెత్తి, అన్నదమ్ములు నడి బజార్లో ఆటోని లాక్కుపోతుంటే, పైడమ్మ బయటికి తల పెట్టి అరుస్తోంది:

"అందరూ చూసుకోండి బాబూ! మావాళ్ళు చెయ్యి వెయ్యలేదు!"