మూడు కాళ్ళ మీద గుర్రం

ఈ కథ మొదట చెప్పింది జట్కా తోలే దస్తగిరి తాత. ఆయన చెప్పింది చెప్పినట్టే ఇది. ఒక్క మాట తీసిందీ లేదు, కలిపిందీ లేదు.

ఒకప్పుడు గుర్రం నాలుగు కాళ్ళూ నేలకు గట్టిగా ఆనించి నిలబడేది.

ఆ రోజుల్లో హుసేన్‌బీ దొడ్డిలో మల్లి అనే ఆడగుర్రం ఉండేది. తెల్లగా ఉంటుందని దానికి మహా గీర. నిండు చూలాలు, రేపో మాపో ఈనేట్టుంది. ఆ ఏడు చైత్రంలోనే వానలు పట్టుకున్నాయి. దొడ్డంతా మోకాలి లోతు బురద. పుట్టిన పిల్ల అందులో పడితే ఊపిరాడదని మల్లికి దిగులు.

హుసేన్‌బీ ఇసుక పోసింది. పెంకు ముక్కలు వేసింది. తెల్లారేసరికి అన్నీ బురద మింగేసేది.

"అమ్మా, ఆ మబ్బును నాలుగు తిట్టు," అంది మల్లి.

మబ్బు వంగి చూసింది. "పక్క దొడ్డిలోనూ నేనే కురిశాను. అక్కడ మేకలు హాయిగా పడుకుని నెమరేస్తున్నాయి. నన్నంటావేం?"

మేకలే. గొర్రెలు అనేవాళ్ళ మాట నమ్మొద్దు.

అప్పుడు బురద బుడబుడమని నవ్వింది. "నన్నడుగు వదినా, చెబుతా. ఉలవల బుట్ట ఎప్పుడొస్తుందా అని పొద్దస్తమానం తడికె దగ్గరే నిలబడి నాలుగు కాళ్ళతో తొక్కుతావు. కుమ్మరాయన కూడా మట్టిని ఇంత మెత్తగా తొక్కడు."

"నేనా? ఊరికే నిలబడ్డానంతే," అంది మల్లి మూతి తిప్పుకుని.

"ఆ నిలబడ్డమే. ఇకనుంచి వెనక కాలొకటి నా మీద బరువు వేయకుండా పెట్టు. నేను గట్టిపడి నీ పిల్లకు పొడినేల ఇస్తా."

"కుంటిదనుకుంటారే."

"అనుకోనీ. పిల్ల కావాలా, గీర కావాలా?"

కడుపులో పిల్ల తన్నింది. మల్లి వెనక కాలొకటి మెల్లగా ఎత్తి, గిట్ట కొన మాత్రం నేలకు తాకించింది. తూలింది. గోడ మీది కాకి నవ్వింది. అయినా మల్లి కాలు మోపలేదు.

హుసేన్‌బీ కూడా ఊరుకోలేదు. గోడవారగా కాలువ తీసి నీళ్ళు బయటికి పంపింది. ఉలవల బుట్టను తడికె దగ్గర్నుంచి మెరక మీదికి మార్చింది. బురద మాట నిలబెట్టుకుంది.

మల్లి పొడినేల మీద ఈనింది. పిల్ల లేచి నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టి వణుకుతూ నిలబడింది.

"ఒకటి తేలిగ్గా పెట్టవే," అంది తల్లి.

"నాలుగూ చాలడం లేదమ్మా, ఒకటి తీసెయ్యమంటావా?" అంది పిల్ల.

అప్పటినుంచే గుర్రం ఊరికే నిలబడ్డప్పుడు వెనక కాలొకటి మడిచి గిట్ట కొన మీద ఆనిస్తుంది. కాసేపు ఇది, కాసేపు అది. ఉలవలు ఆలస్యమైతే మాత్రం ముందు కాలితో నేల గీరుతుంది. ఒప్పందం వెనక కాలికే కదా.

సంతలో వీరభద్రం అని ఒకాయన, గుర్రం అలా నిలబడటం కుంటి జబ్బని పిల్లలకు చెబుతున్నాడు. పోయినేడూ చెప్పాడు, నేను మరిచిపోలేదు. చదువొచ్చినవాళ్ళెవరైనా ఆయన్ని కూచోబెట్టి, ఈ కథ గట్టిగా చదివి వినిపించి, ఆ తప్పు దిద్దండి.