వెనకాలే ఉన్నానన్న మాట

షార్జాలో లింబాద్రి అనే లారీ డ్రైవరు ఉండేవాడు, బండి నడపడంలో అతనికి వంక పెట్టలేం కానీ, ఫోన్‌లో ఎవరైనా "ఎక్కడున్నావ్?" అని అడిగితే మాత్రం ఉన్నచోటు చచ్చినా చెప్పేవాడు కాదు.

మంచం మీద దుప్పటి కప్పుకునే "బయలెల్లిన" అనేవాడు. స్నానానికి పోతూ "సగం దారిల ఉన్న" అనేవాడు. నిజంగా సగం దారిలో ఉంటే "మీ గేటు ముంగటనే ఉన్న" అనేవాడు. జగిత్యాల దగ్గరి పల్లెలో ఉండే అతని భార్య లసుంబాయికి ఇది తెలియనిది కాదు. "నువ్వు చెప్పే జాగలు ఏ మ్యాపుల దొరకయి" అని నవ్వేది. అదేమంత పెద్ద తప్పని ఎవరూ అనుకోలేదు. మనలో ఎంతమంది అలా అనడం లేదు!

లింబాద్రి పనిచేసే కంపెనీ లారీలు పళ్లు, కూరగాయలు నింపుకుని ఎమిరేట్స్ నుంచి సౌదీ ఎడారి దాటి జోర్డాన్ దాకా వెళ్లేవి. ఆ దారిలో లారీలు రెండేసి జతగా పోవాలి, ఒకదాని చూపు నుంచి ఒకటి దాటకూడదు. అది కంపెనీలో గట్టి నియమం. తప్పినవాణ్ని ఇంటికి పంపేసేవారు. లింబాద్రికి జతగా రాజేశం వచ్చేవాడు. వయసులో పెద్దవాడు, పట్టుబట్టి లింబాద్రికి ఈ పని ఇప్పించినవాడు.

ఎన్నిసార్లు వెళ్లినా ఆ ప్రయాణం లింబాద్రికి వింతగానే ఉండేది. సరిహద్దు దాటగానే జేబులో ఫోన్ కిణుక్కుమని కొత్త దేశం పేరుతో స్వాగతం చెప్పేది. చుట్టూ చెట్టూ చేమా ఉండేవి కావు, ఆకాశం అంచు దాకా ఇసుకే. అంత ఇసుక మధ్య నిలబడి నంబరు నొక్కితే, సముద్రం అవతల లసుంబాయి వాకిలి ఊడుస్తున్న చప్పుడు వినిపించేది. చీపురు చప్పుడు ఇన్ని దేశాల మీదుగా దారి తప్పకుండా తన చెవినే ఎలా వెతుక్కుంటూ వచ్చిందా అని అతనికి ఒళ్లు జలదరించేది.

ఒకరోజు పొద్దున సౌదీలో అడుగుపెట్టాక ఇద్దరూ చాయ్ కోసం ఆగారు. లింబాద్రి భార్యకు వీడియోలో ఒంటెల మందను చూపిస్తూ కూర్చున్నాడు. "నేను మెల్లగ నడుపుకుంట పోత. నువ్వు ఎమ్మటే రా" అని చెప్పి రాజేశం లారీ తీశాడు. చాలాసేపటికి అతని ఫోన్ వచ్చింది.

"ఏడున్నవ్‌రా లింబాద్రీ? అద్దంల కనిపిస్తలేవు."

"నీ ఎనుకనే ఉన్ననే అన్నా! నడుమ వేరే బండ్లు అడ్డమొచ్చినయి, గంతే" అన్నాడు లింబాద్రి. అప్పటికి అతను ఇంకో చాయ్ చెప్పి, దానికోసం చూస్తున్నాడు.

"మంచిది. ముంగట దుమ్ము లేస్తున్నట్టున్నది. పైలం" అన్నాడు రాజేశం.

లింబాద్రి ఆదరాబాదరాగా లారీ ఎక్కాడు. కొంత దూరం పోయాడో లేదో, ఎదురుగా కనిపించినదాన్ని చూసి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. నేల నుంచి ఆకాశం దాకా ఎర్రటి దుమ్ము గోడ లేచి ఉంది. దానికి ఈ చివరా ఆ చివరా కనిపించడం లేదు. పైగా అది కదులుతోంది. సూర్యుడు దాని వెనక్కి పోయి, తోమని రాగి చెంబులా మసకబారాడు. ఇన్నేళ్లు ఎడారిలో తిరిగిన లింబాద్రి అలాంటిది ఎన్నడూ చూడలేదు. భయపడటం కంటే ముందు చేతులు జోడించాలనిపించింది. మనిషీ లారీ రోడ్డూ అన్నీ దాని ముందు ఇంత చిన్నవా అని విస్తుపోయాడు. ఆ గోడ లోపలే రాజేశం ఉన్నాడన్న సంగతి ఆ తర్వాత తట్టింది.

వెంటనే ఫోన్ చేశాడు. మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ మళ్లీ చేశాడు. అంతలో షార్జా ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ కామేశ్వరరావు ఫోన్ వచ్చింది.

"లింబాద్రీ, రాజేశం లారీ రోడ్డు పక్కన ఆగి ఉందటయ్యా. లోపల మనిషి లేడు, ఫోన్ సీట్లోనే మోగుతోందట. ముందు పెట్రోలు బంకు ఉంది కదా, అటు నడిచి ఉంటాడని పోలీసులు అటే వెతుకుతున్నారు. నువ్వు వెనకాలే ఉన్నావుగా, ఏమైనా చూశావా?"

"ఆ సార్, ఎనుకనే..." అని లింబాద్రి నోరు అలవాటుగా మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయింది.

రాజేశం బంకు వైపు పోడు. జతగాడు వెనకే వస్తున్నాడని నమ్మాడు. ఆ దుమ్ములో ఆగిన లారీని గుద్దుకుంటాడేమోనని, ఫోన్ సంగతి కూడా మరిచి, ఊపి ఆపడానికి ఎర్రగుడ్డ పట్టుకుని దిగి వెనక్కే నడుస్తాడు. ఆ సంగతి ఈ భూమ్మీద లింబాద్రి ఒక్కడికే తెలుసు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మనిషి పోతాడు.

"సార్, నేను అబద్ధం చెప్పిన. ఆయన ఎనుక లేను. బార్డర్ కాడికెల్లి ఇప్పుడే బయలెల్లిన. నన్ను ఆపెటందుకు అన్న ఎనుకకే నడిచి ఉంటడు. బంకు దిక్కు కాదు సార్, ఇటు దిక్కు దేవులాడమనుండ్రి. జల్ది చెప్పుండ్రి!"

"ఎంత పని చేశావయ్యా!" అని కామేశ్వరరావు ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట లింబాద్రి నోట్లోంచి బయటపడి, దేశం దాటి షార్జా చేరి, మళ్లీ దేశం దాటి వచ్చి, దుమ్ములో వెతుకుతున్న పోలీసుల చెవిన పడింది. గాలికి కూడా అంత వేగం లేదు. అంతకు ముందు అతని అబద్ధం కూడా అంతే వేగంగా పోయి రాజేశాన్ని చేరింది. ఫోన్‌కు రెండూ ఒక్కటే. అది తట్టాక లింబాద్రికి చేతిలోని ఫోన్‌ను చూస్తేనే భయమేసింది.

రాజేశం దొరికాడు. లారీకి చాలా వెనక, రోడ్డు అంచున, ముఖానికి తువ్వాల చుట్టుకుని ఊపిరాడక కూలబడి ఉన్నాడు. ఎర్రగుడ్డను చేతిలోంచి వదల్లేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు.

లింబాద్రి అతని మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. జరిగింది రాజేశానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. అతను కళ్లు తెరిచి లింబాద్రి చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చినవారా? నీకేం కాలే గద? ఎంతసేపు గుడ్డ ఊపినా నీ బండి లైట్లు కనిపించకపాయె. నువ్వే పోయినవనుకొని ఏడ్చిన" అన్నాడు.

లింబాద్రి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే అంతా చెప్పాడు. రాజేశం పట్టుకున్న చెయ్యిని మెల్లగా వదిలేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కంపెనీ లింబాద్రిని ఇంటికి పంపేసింది. ఉద్యోగం పోయినందుకు కాదు, రాజేశం ఆ చెయ్యి వదిలేసినందుకు అతను దారి పొడవునా కుమిలిపోయాడు.

ఫోన్ మన మాటను ఎన్ని దేశాలైనా దాటిస్తుంది. అవతల దాన్ని నమ్మి ప్రాణం ఒడ్డే మనిషి ఉంటాడు కాబట్టి, ఎంత చిన్న సంగతైనా ఉన్నది ఉన్నట్టే చెప్పాలి.