తాటాకుల కింద సున్నం

రెండు కొండల మధ్య ఒక ఏరు ఉంది. తూర్పు కొండ మీద సున్నపు బట్టీ ఉంది, పడమటి కొండ మీద లేదు. అందుకే తూర్పు ఇళ్ళు వానకు నిలిచేవి, పడమటి మట్టిగోడలు ఏటా కూలేవి. రెండు కొండలకూ పడదు.

బట్టీలో కాలిన రాయిని నీళ్ళు పోసి చల్లారిస్తే గోడలు నిలబెడుతుంది. చల్లార్చకుండా నలిపి మొహాన కొడితే చూపు తీస్తుంది.

ఒకనాడు పడమటివాళ్ళు కబురు పెట్టారు: "మాకూ ఒక బట్టీ కట్టించండి."

తూర్పు పెద్దలు సమావేశమయ్యారు.

"శత్రువుకి సున్నమా? రేపు మన పిల్లల కళ్ళలోనే కొడతారు" అన్నాడు కాపలాదారుల పెద్ద.

"మనం కాదంటే ఇంకో కొండవాళ్ళు కడతారు. వాళ్ళు షరతులు కూడా పెట్టరు" అన్నాడు వర్తకుడు.

"నీ బేరం కుదిరితే చాలు, కళ్ళు ఎవరివైతే నీకేం!"

"నీకు మాత్రం? శత్రువు లేకపోతే నీ కర్రకి పనుండదు!"

అందరూ నవ్వారు. బట్టీలు కట్టే ఆవిడ నవ్వలేదు. ఆమెకు ఇద్దరు పిల్లలు. కొత్త బట్టీ ఎక్కడ కట్టినా, కట్టినవాళ్ళు తొలి వానలు పడేదాకా పిల్లలతో దాని పక్కనే కాపురం ఉండాలి. అది ఆ పనివాళ్ళ కట్టుబాటు. ఏదైనా జరిగితే మొదట పోయే కళ్ళు ఎవరివో ఆమెకు తెలుసు.

పెద్దలు ఎటూ తేల్చకముందే ఆమె ఏరు దాటి వెళ్ళింది. కూలిన గోడ పక్కన, తలగుడ్డ కనుబొమల దాకా దించుకుని పడమటి పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"చల్లార్చే గొయ్యి బట్టీ ముందే తవ్వుతాను. చల్లారని రాయి ఒక్కటి కూడా ఆవరణ దాటకూడదు. నా పిల్లలు అక్కడే ఉంటారు, చూస్తూ ఉంటారు" అంది.

"సరే తల్లీ. మరి మీ బట్టీని ఎవరు చూస్తున్నారు?"

"మా బట్టీనా? దాన్ని ఎవరు చూడాలి?"

ఆయన తలగుడ్డ పైకి జరిపాడు. ఎడమకన్ను పాలలా తెల్లగా ఉంది.

"ఇది పోయిననాడు మా కొండ మీద సున్నం లేదమ్మా."

ఆమె తల తిప్పి ఏటి అవతల తమ బట్టీ వైపు చూసింది. తర్వాత లేచింది.

"మా కొండ మీద తెల్లటి ఆవిరి లేచిన రోజున మీ మనవరాలికి ఒక కుండ నీళ్ళిచ్చి పంపండి. మా బట్టీ పక్కన ఆ పిల్ల ఉంటుంది, చూస్తూ ఉంటుంది."

తూర్పు బట్టీ వెనక, తాటాకుల కింద కాలిన రాయి కుప్ప ఒకటి ఉండేది. అది వానాకాలం మరమ్మతులకని ఆమె చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చింది. ఎన్ని వానాకాలాలు పోయినా కుప్ప తరగలేదు. ఆమె తాటాకులు లాగేసి, తెచ్చుకున్న కుండల్లో నీళ్ళు గుమ్మరించింది. కుప్పలో ఒక పక్క బుసకొట్టి ఉడికింది. ఆవిరి కొండంత ఎత్తు లేచింది.

కాపలాదారుల పెద్ద పరుగున వచ్చాడు.

"ఏం పనమ్మా ఇది? అది మన ధైర్యం!"

"ధైర్యాన్ని తాటాకుల కింద ఎందుకు దాచారు బాబాయ్? ఇకనుంచి పడమటి పెద్దాయన మనవరాలు ఇక్కడే ఉండి చూస్తుంది."

"శత్రువు పిల్లని మన బట్టీ దగ్గరికి రానిస్తావా?"

"నా పిల్లలు అక్కడ శత్రువు పిల్లలే. అయినా తీసుకెళ్తున్నాను."

ఆమె కుండలన్నీ ఖాళీ అయ్యాయి. కుప్ప సగం కూడా చల్లారలేదు.

అప్పుడు కొండ కింద, ఏటి అవతలి గట్టున ఒక పిల్ల కనిపించింది. తలమీద కుండతో నడుములోతు నీళ్ళలో దిగి ఇటువైపు వస్తోంది. నీళ్ళు తొణకకుండా జాగ్రత్తగా అడుగులు వేస్తోంది.

కాపలాదారుల పెద్ద వంగి, కుప్ప అంచున నలిగి ఉన్న పొడి సున్నం పిడికెడు తీశాడు. బట్టీలు కట్టే ఆవిడ వెళ్ళి ఆయనకూ దారికీ మధ్య నిలబడింది.

"జరుగు" అన్నాడాయన.

"జరగను."

పిల్ల గట్టెక్కి కొండదారి పట్టింది. దగ్గరికి వస్తోంది. బిగించిన ఆయన చేతికి చెమట పట్టింది. ఆ చెమటకు పిడికిట్లో సున్నం మెల్లగా ఉడకడం మొదలైంది.

ఏరు కొండ కింద ఎక్కడో ఉంది; పైన నీళ్ళున్నది ఆ పిల్ల కుండలో మాత్రమే.