వదలని చెయ్యి

ఒకానొక రాజ్యంలో, ఏలుబడి మంత్రులకు అప్పగించి పాఠాలు తాను పట్టుకున్న రాజొకడుండేవాడు. పేరు కంపరాయుడు. తనంతటి గురువు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. కాదనే ధైర్యం ఎవరికుంది?

ఆయనకు శిష్యురాలు ఒక్కతే, కూతురు పద్మలాంబ. ఇసుక పళ్లెం ముందు కూర్చోబెట్టి, వేలు పట్టుకుని మూడేళ్లుగా దిద్దిస్తున్నాడు. పిల్ల తప్పు రాస్తే తన పరువు పోతుందని ఒక్కనాడూ ఆ వేలు వదల్లేదు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పన్నెండో ఏట వారసురాలు నిండు సభలో, పరిచిన ఇసుక మీద తన ప్రమాణం తానే రాయాలి. రాయలేకపోతే సింహాసనం దాయాదులకు పోతుంది. పద్మలాంబకు ఆ ముహూర్తం ఇంకా మూడు నెలలుంది.

"మా అమ్మాయి రాతకు సాటి ఉందా?" అన్నాడు రాజు ఒకనాడు సభలో.

ఆస్థానంలోని చమత్కారి చెన్నిభట్టు లేచాడు. "లేదు ప్రభూ. తమరి శిక్షణలో అమ్మాయిగారు కళ్లకు గంతలు కట్టినా రాయగలరు."

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వెంటనే ఇసుక పళ్లెం తెప్పించి, గంతలు కట్టించి, కూతురి వేలు పట్టుకుని ఒక మాట రాయించాడు. ఒక్క వంకర లేదు. సభంతా భళా అంది.

"ఇప్పుడు గంతలు విప్పించండి. తమరు చెయ్యి వదలండి. అదే మాట మళ్లీ రాస్తారు" అన్నాడు చెన్నిభట్టు.

రాజు వదిలాడు. పద్మలాంబ ఇసుకకేసి చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ వేలు కదల్లేదు.

"నాయనగారూ, చెయ్యి పట్టుకోండి" అంది మెల్లగా.

"కళ్లు మూసుకుంటే వచ్చిన చదువు, తెరిస్తే పోయింది ప్రభూ" అన్నాడు చెన్నిభట్టు. ఆ మాట అన్నందుకు అతనికే బాధ కలిగింది.

రాజు నవ్వబోయి కూతురి వేలికేసి చూశాడు. మొదటి ఏడాది పిల్ల వేలు విడిపించుకోబోతే తాను ఇంకా బిగించి పట్టుకోవడం గుర్తొచ్చింది. సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఏం చెయ్యమంటావయ్యా?"

"పాఠం వేళ చేతులు వెనక్కి కట్టుకోండి. అడిగితేనే చెప్పండి. తప్పు రాస్తే, తనే చూసుకునేదాకా ఆగండి."

ఆ మూడు నెలలూ రాజుకు గండంగానే గడిచాయి. ముహూర్తం నాడు పద్మలాంబ తడబడుతూ రాసింది. ఒకచోట ఆగి, తప్పు తానే కనిపెట్టి, చెరిపి మళ్లీ రాసింది. అక్షరాలు వంకరే, ప్రమాణం మాత్రం తనది.

రాజు కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వి, తన శాలువా తీసి చెన్నిభట్టుకు కప్పాడు.

"నా బిడ్డవి మూడేళ్లు నా చేతిలో పాడయ్యాయయ్యా. వాటిని తిరిగి తెచ్చే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పు, అర్ధరాజ్యమిస్తాను."

ఏ ప్రశ్నకైనా జవాబు సిద్ధంగా ఉంచుకునే చెన్నిభట్టు ఆ ఉపాయం లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, శాలువా తీసి పద్మలాంబకు కప్పాడు.