చచ్చిన అప్పుకి దినం పెట్టిన గవరయ్య

అప్పన్నస్వామి బుద్ధులు పంచిన రోజున ఊరంతా దోసిళ్ళు పడితే, తమవాళ్ళు గంగాళం పట్టారని గవరయ్య గట్టి నమ్మకం. "చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివి" అంటాడు. భార్య నూకాలు, తమ్ముడు సన్యాసి "ఔనౌను" అంటారు.

నాలుగేళ్ళ కిందట గవరయ్య ఫోన్లో ఇచ్చే అప్పు ఎనిమిది వేలు తీసుకున్నాడు. "జీతం రాగానే తీరుస్తా" అన్నాడు. జీడిపిక్కల ఫ్యాక్టరీ మూతపడి జీతమే రాలేదు. మాట మీద నిలబడ్డాడు, తీర్చలేదు!

మొన్న వసూళ్ళ భాస్కర్రావు గుమ్మంలోకొచ్చి అరిచాడు. "రేపట్నుంచి ఫోన్ ఎత్తు! ఎత్తకపోతే నీ పెళ్ళాం కుట్టుమిషను ఎత్తుకుపోతా!"

ఆ మిషనే వాళ్ళ అన్నం కుండ. అంతే, ఫోన్ మోగగానే సన్యాసి నెత్తి మీదికెత్తాడు.

"ఇంకా మోగుతోందిరా, ఇంకా పైకెత్తు!" అన్నాడు గవరయ్య.

సన్యాసి నూతిగట్టెక్కి ఎత్తాడు. ఫోన్ నూతిలో పడి ఊరుకుంది.

గవరయ్య గుండెలు బాదుకుంటూ ప్లీడరు దగ్గరికి పరిగెత్తాడు. ప్లీడరు నవ్వాడు. "మూడేళ్ళు దాటిందిగా, కోర్టు లెక్కలో ఆ అప్పు చచ్చిపోయిందయ్యా. వాడొస్తే నోరు విప్పకండి."

ఇంకేముంది! ఇంటిల్లిపాదీ ఘొల్లుమన్నారు.

"నాలుగేళ్ళు మనింట్లో తిరిగింది, ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందే!" అని నూకాలు శోకాలు.

గవరయ్య గుండు చేయించుకున్నాడు. నూకాలు పట్టీలమ్మి, ఎనిమిది వేల అప్పుకి పన్నెండు వేలు పెట్టి దినం చేశారు. చూశారా, ఎంత తెలివో!

గారెల వాసనకి భాస్కర్రావు దిగాడు. ముగ్గురూ నోళ్ళు బిగించారు. అతను సంగతి కనిపెట్టి, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని కాగితం తీశాడు.

"అయ్యయ్యో, బంగారంలాంటి అప్పు! 'కడతాను' అని దీనిమీద రాసి సంతకం పెట్టు బావా, లేచి కూర్చుంటుంది."

గవరయ్య ఆలోచించాడు. ప్లీడరు నోరు విప్పొద్దన్నాడు గానీ చెయ్యి కదపొద్దనలేదు. పైగా చచ్చినదానికి ప్రాణం పొయ్యడం! స్వామి ఇంత పుణ్యం గుమ్మంలోకి పంపితే కాదంటాడా? అంతే, గీకేశాడు.

"బతికింది!" ముగ్గురి నోళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. నూకాలు కాగితానికి హారతిచ్చి, మూలన దిష్టిచుక్క పెట్టింది.

"ఇంక వడ్డీతో ఏటా పెరుగుతుందమ్మా," అంటూ భాస్కర్రావు మిషను బండికి కట్టాడు. "ఇది వడ్డీ కింద తీసుకెళ్తున్నా."

గవరయ్య ఎదురెళ్ళి తాడు బిగించాడు. "తీసుకెళ్ళు బాబూ! పెరిగే పిల్ల, ఏటా కొత్త బట్టలు కుట్టాలిగా. ఒరే సన్యాసీ, దారాల డబ్బా కూడా ఇచ్చెయ్!"